బాప్తిస్మంతో మా కులం పోలేదు, మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ మంత్రివర్యులకు,

నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని ఒక మాదిగవాడ నుంచి, చాలా ఏళ్లుగా క్రైస్తవ సంఘపెద్దగా ఉన్న నేను నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. దాన్ని 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవ, ముస్లిం దళితులు నేటికీ బయటే ఉన్నారు. క్రైస్తవంలో కులం లేదు కదా అంటారు. మా వాక్యంలో లేని మాట నిజమే, కానీ మా ఊళ్లో ఉంది.

ఊరి హోటల్లో మా అమ్మ గ్లాసు చూరులో దోపి ఉండేది. చాయ్ తాగి, తానే కడిగి, మళ్లీ అక్కడే దోపాలి. చెరువులో బాప్తిస్మం తీసుకుని, తెల్లచీర కట్టుకుని వచ్చిన తరువాత కూడా ఆ గ్లాసు చూరు దిగలేదు. నాట్లకు పిలిచిన ఆసామి ఎప్పటిలాగే ఎత్తు నుంచి ఆమె దోసిట్లో నీళ్లు పోశాడు. ఏ దేవుణ్ణి మొక్కుతావని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మా అబ్బాయి కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళ్లిననాడు ఎదురైంది. చర్చికి పోతామన్నందుకు బీసీ-సి అని, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను చేర్చే వెనుకబడిన తరగతుల వర్గమని, రాసిచ్చారు. రాష్ట్రంలో ఆ వర్గానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. అంతకన్నా నన్ను కలచివేసేది, ఎస్సీగా గుర్తింపు లేనివాడికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం అండ కూడా లేకపోవడం.

1667లో అమెరికాలోని వర్జీనియా వలస రాజ్యం, బాప్తిస్మం పొందినంత మాత్రాన నల్లజాతి బానిసకు విముక్తి రాదని చట్టం చేసింది. అది ఘోరమైన చట్టమే అయినా, నీళ్లలో మునిగినవాడి మీద యజమాని పెత్తనం అలాగే ఉందన్న సంగతిని దాచలేదు. మన ఉత్తర్వు మాత్రం మునిగి లేచేసరికి మా మీద పెత్తనం పోయినట్టే లెక్కగడుతోంది.

సంఘం తప్పును కూడా దాచను. దేవరకొండ, వనపర్తి ప్రాంతాలకు మెన్నోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు సువార్త తెచ్చి వందేళ్లు దాటినా, చర్చిలో ఒకే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే మాలలూ మాదిగలూ పిల్లల పెళ్లి మాట వచ్చేసరికి విడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. పక్షపాతం పాపమని బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం చెబుతున్నది ముందు మాకే. ఆ పాపానికి పశ్చాత్తాపపడవలసింది మేమే, అయితే క్రైస్తవుల్లో కులం లేదన్న వాదన తప్పని చెప్పడానికి కూడా అదే సాక్ష్యం.

మూడో పేరాను తొలగించాలని జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. ఇదే విషయాన్ని పరిశీలించడానికి 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించారు. ఆ కమిషన్ నివేదికను పార్లమెంటు ముందుంచి, మూడో పేరా తొలగింపుకు బిల్లు తేవాలని, ఈలోగా అధికారులను మా వాడలకు పంపి మా స్థితిని కళ్లారా చూడమనాలని వినయపూర్వకంగా కోరుతున్నాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక సంఘపెద్ద