ఎర్రగుడి, లేపాక్షి ట్రిప్‌కి ఏ పుస్తకం?

అందరికీ నమస్కారం. గైడ్ పుస్తకం కొనేముందు ఒక్కమాట. రంగుల ఫొటోలు చూసి తొందరపడకండి. ముందు ఎర్రగుడి పేజీ తీయండి. అశోకుడి శాసనాల పాఠం, దాని తెలుగు అర్థం రెండూ ఉంటేనే తీసుకోండి. అక్కడ బండ మీద బ్రాహ్మీ అనే పాతకాలపు లిపిలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పోయినసారి పుస్తకం లేకుండా వెళ్లి, ఆ గీతల ముందు ఊరికే నిలబడి వచ్చాం. నాకు ఇప్పటికీ బాధే.

లేపాక్షికైతే గుడి ప్లాను, పైకప్పు బొమ్మల వివరాలు ముఖ్యం. వేలాడే స్తంభం గురించి ఎవరైనా చెబుతారు. 2022కు ముందు అచ్చయినదైతే లేపాక్షిని ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో కాక అనంతపురం జిల్లాలోనే చూపిస్తుంది, పర్వాలేదు. బరువైనది మాత్రం వద్దు, ఎండలో మోయలేం.

నా దగ్గరున్న రెండు పుస్తకాలు శనివారం సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గరికి తెస్తాను, చూద్దురు రండి.