మన బస్తీ మ్యాపు పని: వచ్చిన డబ్బు, అయిన ఖర్చు (తిరుపతి)

అందరికీ నమస్కారం. మన బస్తీలో కొళాయిలు, లైట్లు, కాలవలు ఎక్కడుండాయో మనమే తిరిగి గీసిన మ్యాపుకి ఇచ్చిన చందాల లెక్క ఎప్పుడు పెడతారని అడుగుతానే ఉండారు, ఇదిగో పెడతా ఉండాము, కొంచెం పూర్తిగా చదివి అప్పుడు అడగండి.

వసూలు: ఇంటికి 50 లెక్కన 212 ఇళ్లోళ్లు ఇచ్చినారు, 10,600. ఆటో స్టాండు అన్నోళ్లు 2,000. బెంగుళూరులో పని చేసే మన వీధి పిల్లోడు ఫోన్‌పేలో 3,000 వేసినాడు, పేరు రాయొద్దన్నాడు. మొత్తం 15,600. ఇవ్వలేనోళ్ల ఇళ్లు కూడా మ్యాపులో ఉండాయి, దాని గురించి ఎవరూ నోరు జారొద్దు.

ఖర్చులో ముందు అందరూ అడిగేది యాప్‌కి ఎంత పోయిందని. ఒక్క రూపాయి కూడా పోలేదు. మనం గీసింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ మ్యాపులో, అది 2004లో ఇంగ్లండులో మొదలైంది, ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. కెన్యా దేశంలో నైరోబీ ఊళ్లో కిబెరా అని పెద్ద బస్తీ, 2009లో అక్కడి పిల్లోళ్లే జీపీఎస్ పట్టుకుని సందుసందూ తిరిగి వాళ్ల మ్యాపు వాళ్లే గీసుకున్నారు, మనమేం కొత్తగా కనిపెట్టలేదు. గూగుల్ మ్యాపు చూసి కాపీ కొడితే సరిపోయేది కదా అన్నోళ్లకి, అది లైసెన్సు ప్రకారం కుదరదు, పైగా పైనుంచి తీసిన ఫోటోలో రేకుల ఇళ్లే కనపడతాయి, ప్రెజర్ రాక గుంత తవ్వి కిందికి దించుకున్న కొళాయి, దాని చుట్టూ తెల్లారుజామున వరసగా పెట్టిన బిందెలు కనపడవు. అందుకే నడిచినాము.

ఆ నడకకే డబ్బు అయింది. పెద్ద షీట్ల ప్రింట్లు గాంధీ రోడ్డులో 1,240. ఇరుకు సందుల్లో ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తాది, మనిషి సందులో ఉంటే చుక్క పక్కింటి మిద్దె మీద పడతాది, కాబట్టి పేపరు మీద చేత్తో రాసుకోక తప్పలేదు. పవర్‌బ్యాంకులు రెండు 1,900, ఆరు ఫోన్లకి రీచార్జి 299 లెక్కన 1,794. కరెంటు స్తంభాలకి, కాలవ మలుపులకి నంబర్లు వేసిన పెయింటు, బ్రష్షులు 1,480. గుడి దగ్గర పెట్టిన ఫ్లెక్సీ, ఇనుప ఫ్రేముతో కలిపి 2,320. అర్జీల జిరాక్సులు, ఆటో చార్జీలు 640. టీ, బన్ను, నీళ్లు 2,310, దీని మీదే ఎక్కువ గొణుగుడు విన్నాము, ఎండలో తిరిగిన ఆడపిల్లలకి ఒక టీ ఇచ్చినందుకు లెక్కలు అడిగేదేందప్పా!

మొత్తం ఖర్చు 11,684. మిగిలింది 3,916.

మ్యాపు గీస్తే ఇళ్లు తీసేస్తారేమో అని భయపడినోళ్లు ఉండారు, భయం న్యాయమే. అందుకే పేర్లు, ఫోన్ నంబర్లు, పట్టా ఉందా లేదా అనేది ఎక్కడా ఎక్కించలేదు. కొళాయిలు, లైట్లు, కాలవలు, 2021 నవంబరు వానలకి నీళ్లు నిలిచిన చోట్లు, అంతే. ఇంతకుముందు 'మా వీధిలో లైటు లేదు' అంటే ఏ వీధి అని తిప్పి పంపేవాళ్లు, ఇప్పుడు స్తంభం నంబరు, ఫోటో పెట్టి అర్జీ ఇస్తే 17వ నంబరు లైటు వెలిగింది. కాలవ పూడిక మాత్రం ఇంకా అట్లే ఉంది, రెండోసారి అర్జీ పెట్టినాము.

మిగిలిన డబ్బు వానాకాలంలో మళ్లీ ఒకసారి తిరిగేదానికి ఉంచాలని కమిటీ అనుకుంటా ఉంది. వద్దు అనేవాళ్లు ఆదివారం సాయంత్రం గుడి దగ్గరికి రండి, బిల్లులన్నీ ఫైల్లో పెట్టి తెస్తాము, టీ మాత్రం ఎవరిది వాళ్లే తాగి రావాల.