మా ఊరి లెక్కలు మాకు తెలుగులో చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వాతావరణ మార్పుల మీద మన జిల్లాలో ఇంకో పరిశోధన మొదలవుతోందని, విదేశాల నుంచి బృందం వచ్చి అధికారులను కలిసిందని మీ జిల్లా పేజీలో పది రోజుల కిందట చదివాను. ఆ రోజే రాయాలనుకున్నా, శనక్కాయ చేలో కలుపు పని పడి కుదరలేదు. వార్తలో శాలువాలు, పూలగుత్తులు, నిధుల మొత్తం అన్నీ ఉన్నాయి. ఏ ఊళ్లను ఎంచుకుంటున్నారో, పని అయ్యాక ఆ ఊళ్లకు ఏం చెప్పి వెళ్తారో ఒక్క ముక్క లేదు. అది అడగడానికే ఈ ఉత్తరం.

కొన్నేళ్ల కిందట మా ఊరికీ ఇలాంటి బృందమే వచ్చింది. పేరు రాయను. ఇల్లిల్లూ తిరిగిన కుర్రవాళ్లు మంచివాళ్లే, మా ఎండలో మూడేళ్లు కష్టపడ్డారు. ప్రశ్నల కాగితం మాత్రం నలభై పేజీలు. ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండిపోయాయి, అప్పెంత, వడ్డీ ఎంత, మేకలు ఎందుకు అమ్మారు, ఇంట్లో ఎవరు బెంగళూరుకు వలస పోయారు. మా ఇంటావిడ కూలీలను చేలో వదిలి వచ్చి రెండు గంటలు కూర్చుంది. పుట్టింటివాళ్లకు కూడా చెప్పుకోని అప్పులు వాళ్లకు చెప్పింది, ఊరికి మేలవుతుందంటే. మా బోరు దగ్గరి స్తంభానికి ఒక పెట్టె బిగించి, నీటిమట్టం, మోటారు నడిచిన గంటలు అదే రాసుకుంటుందన్నారు. నివేదిక తెలుగులో ఇస్తామని రచ్చకట్ట మీద అందరి ముందూ మాటిచ్చారు. గడువు అయిపోయింది, బృందం వెళ్లిపోయింది, నివేదిక రాలేదు. పెట్టె ఇప్పటికీ అక్కడే తుప్పు పట్టి ఉంది, లోపల కందిరీగలు గూడు పెట్టాయి. వాళ్లిచ్చిన ఫోను నంబరు పనిచేయడం లేదు.

ఆ కాగితంలో ఒక ప్రశ్న నాకింకా గుర్తుంది. వర్షపాతంలో మీరు గమనించిన మార్పు స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని. మా దగ్గర వానను ఎవరూ అలా చెప్పరు. దుక్కి పదునైందా, విత్తే పదునైందా, మృగశిరలో పడిందా, ఆరుద్ర దాకా ఆగిందా అని చెబుతారు. అరవై దాటిన ఏ రైతును అడిగినా ఏ యేడు ఏ కార్తెలో విత్తాడో తడుముకోకుండా చెబుతాడు. వాతావరణం ఎలా మారిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆనవాలు ఏముంది? అది రాసుకోవడానికి వాళ్ల కాగితంలో చోటే లేదు.

ఈ పని సరిగ్గా ఎలా చేయాలో మన దగ్గర తెలియక కాదు. నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2006 నుంచి 2010 దాకా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. మా బావమరిది వాళ్లది ప్రకాశం పడమటి వైపు ఊరు, అక్కడ కళ్లారా చూశాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వాన గేజీ చూసి గోడమీద రాసేవారు. పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచేవారు. 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండిందంటే ఆ బోరు గంటకు 14,400 లీటర్లు పోస్తున్నట్టు. ఎకరం మీద ఒక సెంటీమీటరు నీరు నిలబెట్టడానికే 40 వేల లీటర్లు కావాలి. ఏడో తరగతితో ఆపేసిన మా బావమరిది ఈ లెక్క నోటితో చెప్పేవాడు. యాసంగికి ముందు వాగు పరీవాహకంలోని ఊళ్ల రైతులంతా కూర్చుని, వానవల్ల ఎంత ఇంకింది, అందరం వేయబోయే పంటలకు ఎంత కావాలి అని నీటి బడ్జెట్ వేసుకునేవారు. వరి వేయొద్దని ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క చూసి కొందరు తామే మానుకున్నారు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, అప్పట్లో బోర్లకు మీటర్లు ఉండేవి కావు, ఎంత తోడుతున్నామో ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి చోట ఆ గోడమీది అంకెలే రైతుకు మీటరు.

ప్రాజెక్టు ముగిశాక ఆ ఊళ్లో గేజీ పగిలితే కొత్తది కొనే దిక్కు లేకపోయింది. పంచాయతీని అడిగితే అలాంటి పద్దు లేదన్నారట. గోడకు సున్నం కొట్టేశారు. ఇన్ని కోట్ల పరిశోధనలో గడువు తర్వాతి పదేళ్లకు ఒక గేజీ, ఒక పలక, రాసే పిల్లవాడికి నెలకు నాలుగు వందలు పక్కన పెట్టలేరా?

మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో పల్లెల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు పాలమూరులో రెండు ఊళ్లు తీసుకున్నారు, దేవరకద్ర దగ్గరి డోకూరు ఒకటి. సమాచారం సేకరించేవాళ్లు ఊళ్లోనే కాపురముండి పని చేశారు. ఆ ఊళ్లకు దశాబ్దాల తర్వాత కూడా మళ్లీ వెళ్లారు. ఇప్పటి బృందాలు పొద్దున కారులో వచ్చి మాపటికి అనంతపురం లాడ్జికి చేరుకుంటాయి.

మన అధికారులను కూడా అడగాలి. మా ఊరికి మండల కేంద్రం పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ పడిన వానే మాకూ పడినట్టు రాస్తారు, కరువు మండలం ప్రకటించేటప్పుడు కూడా ఆ లెక్కే చూస్తారు. అక్కడ కురిసి ఇక్కడ చుక్క పడని ఏళ్లు నా పుస్తకంలో ఉన్నాయి. 2011 నుంచి సొంత గేజీ పెట్టుకుని రోజూ రాస్తున్నాను. ఆ పుస్తకం పట్టుకుని కార్యాలయానికి రెండుసార్లు వెళ్లాను. తెరిచి చూసినవారు లేరు. నేను చదువుకున్న రోజుల్లో బడి నల్లబల్ల మూలన వాన కొలత రాసేవాళ్లం. ఇప్పుడు బడికి ట్యాబులు వచ్చాయి, ఆ మూల ఖాళీగా ఉంది.

కొత్త బృందానికి అనుమతి ఇచ్చేముందు జిల్లా యంత్రాంగం ఒక్క షరతు పెట్టాలి. ఏ ఊరి నుంచి సమాచారం తీసుకుంటారో ఆ ఊరి గ్రామసభలో, తెలుగులో, ఫలితం చదివి వినిపించాకే చివరి విడత పని ముగిసినట్టు సంతకం పెట్టాలి. బృందం వాళ్లు మా ఊరికి వస్తే పదేళ్లు దాటిన నా పుస్తకం ఇస్తాను, జిరాక్సు తీసుకోవచ్చు.

పాత బృందం ఈ పత్రిక చూస్తే ఒక మనవి. మా స్తంభం మీది పెట్టెను వచ్చి దించండి. దించిన రోజు అందులో దాచిన అంకెలు మా బడి గోడమీద రాసి వెళ్లండి. సున్నం, రంగు మేమే పెట్టుకుంటాం.

— ఒక వేరుశనగ రైతు, కదిరి ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా