వార్షిక నివేదిక: బికుర్ హోలిమ్ తరగతులు

ఇజ్రాయెల్‌లో వృద్ధుల ఇళ్లలో కేర్‌గివర్లుగా ఉన్న మన సభ్యులకు ఈ ఏడాది జరిపిన తరగతుల్లో ఎక్కువ సమయం బికుర్ హోలిమ్‌కే పట్టింది. అంటే రోగి పరామర్శ. యూదులకు ఇది ఉత్త మర్యాద కాదు, విధి. వచ్చినవారు జబ్బులో అరవయ్యో వంతు తీసుకుపోతారని యూదుల ధర్మగ్రంథమైన తాల్మూద్ మాట.

వేళ విషయంలో: పగటి మొదటి మూడు గంటలు, చివరి మూడు గంటలు వద్దంటారు. పొద్దున రోగి తేరుకున్నట్టు కనిపిస్తే ప్రార్థన అక్కర్లేదనిపిస్తుంది. సాయంత్రం మరీ నీరసిస్తే ఆశ వదిలేయాలనిపిస్తుంది. దగ్గరివాళ్లు వెంటనే వస్తారు, మిగతావాళ్లు మూడు రోజులయ్యాక. జబ్బు హఠాత్తుగా ముదిరితే ఈ తేడా లేదు. కడుపు జబ్బు, కంటి జబ్బు, తలనొప్పి ఉన్నవారి దగ్గరికి వెళ్లరు. బయటి గదిలోనే ఆగి ఏం కావాలో కనుక్కుంటారు. మొహమాటపడుతున్నారనుకుని లోపలికి లాక్కెళ్లకండి.

తప్పులు ఎక్కువగా జరుగుతున్నది పేర్ల దగ్గర. సోమ, గురువారాల్లో, షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం) నాడు పవిత్ర గ్రంథమైన తోరా చదివేటప్పుడు సినగాగులో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, రోగి స్వస్థత కోసం 'మీ షెబేరాఖ్' ప్రార్థన చేస్తారు. దానికి ఇంటిపేరు, తండ్రి పేరు కాదు, తల్లి పేరు కావాలి: యోసెఫ్ బెన్ రివ్కా, లేయా బాత్ సారా. బెన్ అంటే కొడుకు, బాత్ అంటే కూతురు. షబ్బాత్ పాటించేవారు ఆ రోజు రాయరు, ఫోన్ ముట్టరు కనుక శుక్రవారం కొవ్వొత్తులు వెలిగించేలోపే పేరు చేరాలి. కోలుకున్నా, కన్నుమూసినా ఆ కబురూ చేరాలి. పోయినవారి పేరు స్వస్థత కోసం చదివితే ఇంటివాళ్లకు ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ప్రార్థించకుండా లేచి వెళ్తే పరామర్శ పూర్తికానట్టే. రోగి ఎదుట ఏ భాషలో ప్రార్థించినా సరే. కొందరు 119వ కీర్తనలో రోగి పేరులోని అక్షరాల భాగాలు చదువుతారు. 22 హీబ్రూ అక్షరాలకు ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఆ కాసేపు మాటల్లో దించకండి.

ఉత్త చేతులతో వెళ్లకూడదన్నది మన అలవాటు. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే ఇంటికి మన వంటింటి పులిహోర పనికిరాదు, అందులో మాంసం లేకపోయినా సరే: గిన్నెలు, పొయ్యి కూడా లెక్కలోకి వస్తాయి. పళ్లయినా కోషర్ ధ్రువపత్రమున్న దుకాణంలోనే కొనండి. ఇక్కడ పండినవాటికి మత నియమం ప్రకారం దశమభాగం తీసి ఉండాలి.

ఒక్కటి మాత్రం అందరికీ మళ్లీ చెబుతున్నాం. ప్రాణం మీదికొస్తే షబ్బాత్ ఆంక్షలు వర్తించవు. ఇంటివాళ్లు అనుమతించాలని ఆగకుండా వెంటనే అంబులెన్స్ నంబరు 101కి ఫోన్ చేయండి.