ఒక్క సిట్టింగు గ్యారంటీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా అనుబంధంలో ఐదో పేజీ అడుగున ఒక ప్రకటన వచ్చింది. ‘హిప్నాటిజంతో ఒక్క సిట్టింగులో సిగరెట్ మాన్పిస్తాం, 100 శాతం గ్యారంటీ’ అని. పక్కన కళ్లలోంచి కిరణాలు చిమ్ముతున్న గడ్డం మనిషి బొమ్మ. రెండేళ్ల కిందట ఇంచుమించు ఇలాంటి ప్రకటనే చూసి నేను 6,000 రూపాయలు సమర్పించుకున్నాను. ఎవరికి అన్నది ఇక్కడ అనవసరం. మన గుంటూరులో ఆటోల వెనక, అరండల్‌పేట గోడల మీద ఈ గ్యారంటీలు కనబడుతూనే ఉన్నాయి కాబట్టి జరిగింది రాస్తున్నాను.

పొగాకు కంపెనీలో 34 ఏళ్లు బేళ్ల లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. పొగాకును తిట్టేంత పెద్దమనిషిని కాను, ఆ జీతంతోనే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాను. రోజుకు పెట్టెన్నర కాల్చేవాణ్ణి. ఒక కార్తీక మాసంలో కోటప్పకొండ మెట్లెక్కుతూ సగంలో కూలబడ్డాను. నాకంటే పదేళ్లు పెద్దావిడ ఒకామె బిందె చంకనెత్తుకుని నన్ను దాటి పైకి వెళ్లిపోయింది. అప్పుడు బుద్ధి పుట్టింది.

ఆ ప్రకటన ఇచ్చిన హిప్నాటిస్టు దగ్గరికి వెళ్లాను. మేడ మీద గది. నల్ల కర్టెన్లు, ఏసీ, వాలుకుర్చీ. గోడకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు ఐదారు. దగ్గరికెళ్లి చదివితే ఒకటి మూడు రోజుల శిక్షణకు ఇచ్చింది. ‘మీ కనురెప్పలు బరువెక్కుతున్నాయి’ అని ఆయన మెల్లగా మొదలుపెట్టేసరికి కింద వీధిలో టమాటాల బండి మైకు అందుకుంది. అయినా నిజం చెప్పాలి, హాయిగానే ఉంది. జనం అనుకునే నిద్ర కాదది. అంతా వినబడుతూనే ఉంటుంది, లేవాలనిపించదు, అంతే. ఇక మీదట సిగరెట్ ముట్టిస్తే ఎండుచేపల కంపు కొడుతుందని చెప్పారాయన. నేను బాపట్ల వైపు వాణ్ణి, ఎండుచేపల వాసనకు నాకు నోరూరుతుంది. ఆ మాట పైకి అనలేదు.

23 రోజులు ముట్టలేదు. 24వ రోజు మా పెద్దబావగారి పెద్దకర్మ. భోజనాలయ్యాక పందిరి వెనక మా వాళ్లు నలుగురు చేరారు. ఒక్క దమ్మే కదా అనుకున్నాను. సాయంత్రానికి పెట్టె కొన్నాను. మర్నాడు ఫోన్ చేస్తే, ‘మీ సబ్‌కాన్షస్ సహకరించలేదండీ, ఇంకో మూడు సిట్టింగులు పడతాయి’ అన్నారు. మానితే వాళ్ల విద్య గొప్ప, మానకపోతే మన మనసు చెడ్డ. మరి గ్యారంటీ సంగతేమిటని అడిగితే, ‘గ్యారంటీ మా వైపు నుంచి అండీ’ అన్నారు. ఆ మాటకు అర్థం ఇప్పటికీ బోధపడలేదు.

హిప్నాటిజమంతా బూటకమని నేను అనడం లేదు. అది ఒక చికిత్సా పద్ధతేనని, రిజిస్టరైన డాక్టర్లో తగిన శిక్షణ ఉన్నవాళ్లో చేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2003లోనే చెప్పింది. ఆ ‘తగిన శిక్షణ’ దగ్గరే దారి తప్పుతోంది. మూడు రోజుల సర్టిఫికెట్ కూడా శిక్షణే అంటే ఎవరేమంటారు?

ఫలితాల సంగతి మా చిన్నల్లుడుగారి చేత చదివించుకున్నాను, ఆయన డాక్టరు. ఆత్మసమ్మోహనం, అంటే తనకు తానే హిప్నాటిజం చేసుకోవడం నేర్పి ఒక్క సిట్టింగుతోనే పంపించే పద్ధతి మీద 1993లో అమెరికా డాక్టర్లు లెక్క ప్రచురించారు. 226 మందిలో వారం తిరిగేసరికి సగం మందికి పైగా మానేసి ఉన్నారట. రెండేళ్లకు మిగిలింది 23 శాతం. ఈ రెండు అంకెల మధ్యనే ఉంది వ్యాపారమంతా. వారం నాటి మనిషి చేత వీడియో తీయించి ప్రకటనలో వేస్తారు. రెండేళ్ల తర్వాత అతని చొక్కా జేబు తడిమి చూసేదెవరు? నన్ను కూడా పదో రోజున పిలిచి రెండు ముక్కలు మాట్లాడించారు. ఆ వీడియో ఇంకా తిరుగుతూనే ఉందేమో!

వైద్య పరీక్షలను గుదిగుచ్చి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2019లో ఇదే విషయం మీద 14 పరీక్షలను, సుమారు 1,900 మంది ఫలితాలను పరిశీలించింది. మానడానికి అందే మిగతా సలహా సాయాల కంటే హిప్నాటిజం ఎక్కువ పని చేస్తుందనడానికి తగిన ఆధారం దొరకలేదని తేల్చింది. పనికిరాదని కాదు, ఎక్కువేమీ కాదని. 100 శాతం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

నాకు తర్వాత తెలిసొచ్చింది ఇది. సిగరెట్‌కు రెండు పట్లు. టీ గ్లాసు చేతికి రాగానే రెండో చెయ్యి జేబులోకి పోవడం ఒక పట్టు. అక్కడ హిప్నాటిజం కొంత సాయపడవచ్చు. ఒంటికి నికోటిన్ అందక మొదటి వారాల్లో పట్టే చిరాకు, నిద్రలేమి, ఆకలి, అది రెండో పట్టు. వాలుకుర్చీ దాన్ని పట్టించుకోదు.

నన్ను ఒడ్డెక్కించిన నంబరు ఊళ్లో ఏ గోడ మీదా లేదు. 2018 సెప్టెంబరు నుంచీ ప్రతి సిగరెట్ పెట్టె మీదా అచ్చవుతోంది: 1800-11-2356. పొగాకు మానదలచినవాళ్లకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ అది, డబ్బులు పడవు. ఇన్నేళ్లూ దాన్ని జేబులో పెట్టుకు తిరుగుతూ పక్కనున్న పుండు బొమ్మ చూడలేక పెట్టె తిప్పి పెట్టుకునేవాణ్ణి. తెలుగులోనే మాట్లాడారు. మానే తారీఖు నా చేతే పెట్టించారు. ఆ తర్వాత వాళ్లే మళ్లీ మళ్లీ ఫోన్ చేశారు. మధ్యలో మాట తప్పి కాలిస్తే తిట్టలేదు, ఏ వేళప్పుడు తప్పారని అడిగారు. అల్లుడుగారు నికోటిన్ గమ్ వాడమన్నారు. అది బబుల్‌గమ్‌లా నమిలేది కాదు, కాస్త కొరికి కిళ్లీలా బుగ్గన పెట్టుకోవాలి. దానికీ గ్యారంటీ లేదు, మానే అవకాశం ఇంచుమించు సగం మేర పెరుగుతుందంటారు. మానేసి ఇప్పటికి 16 నెలలు. వాలుకుర్చీలో నేర్పిన నిదానపు ఊపిరి కూడా సిగరెట్ మీదికి మనసు లాగినప్పుడల్లా పనికొచ్చింది, ఆ మేరకు ఆయనకు రుణపడే ఉన్నాను.

మన కొట్ల దగ్గర పెట్టె కొనేవాళ్లు తక్కువ. విడిగా ఒకటి తీసుకుని, వేలాడే లైటరుతో ముట్టించి పోతారు. వాళ్లకు బొమ్మా లేదు, నంబరూ లేదు. మహారాష్ట్ర 2020లో విడి అమ్మకం మీద నిషేధం పెట్టింది. మన దగ్గర అంత చేసేలోగా ప్రతి కిళ్లీ కొట్టుకూ ఆ నంబరు పెద్ద అక్షరాల్లో అంటించమని నగరపాలక సంస్థ చెప్పకూడదా? పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుంచీ ఉన్న ఊరు ఇది. పొగాకు అమ్మదలచినవాడికి ఎవరిని అడగాలో తెలుసు. మానదలచినవాడికి కనబడేవి ఆటో వెనక కిరణాల కళ్లే. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08 నుంచి నడుస్తోంది, జిల్లాల్లో మాన్పించే కేంద్రాలు దానిలో భాగమే. మన జిల్లా కేంద్రం ఏ గదిలో ఉందో, ఏ వేళల్లో తెరుస్తారో ఆస్పత్రి ఓపీ చీటీ మీద అచ్చు వేస్తే చాలు.

హిప్నాటిజం చేసేవాళ్లు కూడా బోర్డు మీద తమ రిజిస్ట్రేషన్ నంబరు రాయాలి. డాక్టరైతే వైద్య మండలిది, క్లినికల్ సైకాలజిస్టయితే వాళ్లను నమోదు చేసే భారత పునరావాస మండలిది. ఏదీ లేనివాళ్లు లేదనే రాయాలి. మభ్యపెట్టే ప్రకటనకు 10 లక్షల వరకూ జరిమానా వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. జిల్లా అధికారులు ఒక్క ఆదివారం అనుబంధం తిరగేసినా పని దొరుకుతుంది.

ఇక మీతో ఒక మాట. ప్రకటనలు లేనిదే పత్రిక నడవదని తెలుసు, వేయొద్దని అనను. ఆ గ్యారంటీ ప్రకటన వచ్చిన ప్రతిసారీ దాని పక్కనే రెండంగుళాల చోటులో 1800-11-2356 వేయండి. ఆ చోటుకు రుసుము కట్టాలంటే చెప్పండి, సిగరెట్ల డబ్బు నాకు నెలనెలా మిగులుతోంది.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత పొగాకు కంపెనీ గుమాస్తా,
కొరిటెపాడు, గుంటూరు