ఏనుగు బరువు ముప్పావు కిలో, కొరియర్ లెక్కలో మూడు కిలోలు

నమస్కారమండీ. విజయవాడ భవానీపురం నుంచి మీకు కొండపల్లి బొమ్మలు పంపేది మేమే. వినాయక చవితి అయిన దగ్గర్నుంచి మీలో చాలామంది ఒకే మాట అడుగుతున్నారు: "డబ్బులు కట్టి వారం దాటింది, ట్రాకింగ్ నంబరు రాలేదేమండీ?" ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చెప్పడం నాకు ఇష్టం లేదు. జరిగినది జరిగినట్టు అందరికీ ఇక్కడే చెబుతున్నాను.

తప్పు మాదే. రోజుకు ఆరేడు పార్శిళ్లు కట్టే ఇల్లు మాది. నేను, మా అత్తగారు, సాయంత్రాలు మా ఆడపడుచు. దసరా కొలువు కోసం ఒక్క వారంలో ఆర్డర్లు నలభై దాటాయి. సైటులో స్టాకు లెక్క ఒకటి ఉంటే, వాట్సాప్‌లో నేను "ఉందండీ, పంపిస్తాను" అని ఒప్పుకున్నవి వేరే. ఆ రెండు లెక్కలూ ఏ రాత్రీ కలిపి చూసుకోలేదు. చివరికి ఒకే అంబారీ ఏనుగును ముగ్గురికి అమ్మినట్టు తేలింది. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు ఆగుతామన్నారు. ఒకరు డబ్బు వెనక్కి అడిగారు, అదే రోజు వేశాను.

"కొండపల్లి మీకు పక్కనే కదా, వెళ్లి తెచ్చుకోవచ్చుగా" అన్నారొకరు. నిజమే, ఇరవై కిలోమీటర్ల లోపే. కానీ వెళ్లగానే చేతికొచ్చే వస్తువు కాదది. పొణికి కర్రను ముందు సెగ చూపించి తడి లాగెయ్యాలి. తల, తొండం, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అది ఎండాక సున్నం పూత. సున్నం ఆరాక రంగులు. ప్రతి మెట్టు దగ్గరా ఆరే దాకా ఆగాల్సిందే. భాద్రపదం ముసురు పట్టిందంటే ఒక రోజులో ఆరేది మూడు రోజులైనా ఆరదు. పని చేసేవాళ్లను తొందరపెట్టడం నాకు ఇష్టం లేదు. పోయిన నెల ఒకసారి తొందరపెట్టాను, ఏమైందో చెబుతాను.

హైదరాబాద్‌లో ఒకావిడ పార్శిల్ విప్పి ఫొటో పంపారు. ఏనుగు వీపున ఎర్ర రంగుతో దిద్దిన గుడ్డ మీద వరసగా చిన్న చిన్న గుండ్రాలు. మొదట పురుగు తిన్నదేమో అనుకున్నాను. ఫొటో పెద్దది చేసి చూస్తే తెలిసింది, అవి బబుల్ కవరు అచ్చులు. కట్టేటప్పుడు రంగు వేలికి అంటలేదు, ఆరిందనే అనుకున్నాం. లోపల పచ్చిగానే ఉంది. పెట్టెలో ఆ ఉక్కకు కవరు అతుక్కుపోయింది. అంత ఓపిగ్గా దిద్దిన రంగును నా తొందర పాడుచేసింది. ఆవిడకు ఇంకో ఏనుగు పంపాం. పాడైంది వెనక్కి తెప్పించి కొండపల్లికే తీసుకెళ్లి మళ్లీ రంగు వేయిస్తున్నాం.

ఇప్పుడు రంగు అయిన బొమ్మను మా మేడ గదిలో ఫ్యాను కింద ఇంకో నాలుగు రోజులు ఉంచుతున్నాం. (2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు అజిత్‌సింగ్ నగర్‌లో మా పాత గదిలోకి వచ్చి అట్టపెట్టెలన్నీ నానిపోయాయి. అప్పట్నుంచి సరుకు మేడ మీదే.) కట్టేటప్పుడు ముందు పల్చటి బటర్ పేపరు, దాని మీద బబుల్ కవరు. తొండం కింద, ఎద్దుల కొమ్ముల సందున, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి వీపు వెనక నలిపిన పేపరు కుక్కుతాం. టేపు వేశాక మా అత్తగారు పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. లోపల కాస్త చప్పుడైనా విప్పించి మళ్లీ సర్దిస్తారు.

ఇక డెలివరీ చార్జీ. "బొమ్మ ముప్పావు కిలో లేదు, మూడు కిలోల చార్జీ ఎందుకు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. దానికీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికే చార్జీ. ఏనుగు పెట్టె 30, 25, 20. గుణిస్తే 15000. అంటే మూడు కిలోలు. పొణికి కర్ర తేలిక, కానీ చోటు మాత్రం తింటుంది. 25, 20, 20 పెట్టెలో ఇరికిస్తే రెండు కిలోలకు దిగుతుందని ఒకసారి చూశాం. తొండం విరిగి చేరింది. మళ్లీ ఆ పని చెయ్యను.

మీకు చార్జీ తగ్గే దారి ఒకటుంది. రెండు ఏనుగులు 40, 30, 20 పెట్టెలో పడతాయి. అది 4.8 కిలోలు, కొరియర్ బిల్లులో ఐదు. విడిగా పంపితే ఆరు. మీ పక్కింటివాళ్లో, చెల్లెలో కూడా తీసుకునే ఉద్దేశం ఉంటే ఒకే అడ్రసుకు పెట్టించుకోండి. కొరియర్ వెళ్లని పల్లెలకు స్పీడ్ పోస్టులో పంపుతాం, ఒకట్రెండు రోజులు ఎక్కువ పట్టవచ్చు.

క్యాష్ ఆన్ డెలివరీ ఆపేశాం. పెట్టె తిరిగొస్తే రానుపోను చార్జీ మా మీదే పడుతుంది. అది కూడా భరించవచ్చు. కానీ ఆ బొమ్మ పది రోజులు దారిలోనే తిరుగుతుంటే, నిజంగా కొలువుకు కావలసిన ఇంట్లో ఆ మెట్టు ఖాళీగా ఉంటుంది. నాకు బాధ అక్కడ.

ఈ రోజు నుంచి సైటులో కనిపించేవి మేడ గదిలో ఆరి సిద్ధంగా ఉన్నవే. వాట్సాప్‌లో అడిగినా సైటు చూసే చెబుతాను. దసరా పాడ్యమికి పది రోజుల ముందే కొలువు ఆర్డర్లు ఆపేస్తాం. పండగ రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ బండ్లు మళ్లిస్తారు. పోయినసారి మూలా నక్షత్రం రోజు పికప్ బండి మా వీధికే రాలేదు. ఆలస్యమైనవాళ్లు సంక్రాంతి కొలువుకు చెప్పండి, ఇప్పుడే రాసిపెట్టుకుంటాను. అడ్రసులో "రామాలయం ఎదురుగా" అన్నదాంతో పాటు డోర్ నంబరు, పిన్‌కోడ్, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబరు ఇవ్వండి.

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయాలన్న షరతు మా దగ్గర లేదు. ఏదైనా విరిగితే ఒక ఫొటో పంపండి, మీ మాట నమ్ముతాను. పెట్టె మాత్రం రెండు రోజులు పారేయకండి, కొరియర్ వాళ్లు అడుగుతారు.

ఇంకా పంపాల్సినవి పద్నాలుగు. ఎడ్లబండ్లు, దశావతారాల సెట్లు కలిపి తొమ్మిది రేపు మధ్యాహ్నం పికప్‌కు వెళ్తున్నాయి. సాయంత్రానికి ట్రాకింగ్ నంబర్లు మీ ఫోన్‌కు వస్తాయి. మిగిలిన ఐదూ అంబారీ ఏనుగులు, నిన్ననే రంగు అయింది. శనివారం కడతాం. ఆ ఐదుగురికీ ఈ రాత్రి నేనే ఫోన్ చేస్తాను.