రాళ్లలో దాగిన ఫాస్ఫేట్, అడగగానే అందిన సాయం

డల్లాస్‌లో పగడాల ట్యాంకులు పెంచుతున్న మన మిత్రులకు, ముఖ్యంగా నా గోడు విని ఇంటికే వచ్చిన ప్లేనో అన్నయ్యకూ ఫ్రిస్కో అక్కకూ, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పేర్లు రాయవద్దని ఇద్దరూ ముందే షరతు పెట్టారు, అందుకే ఊళ్ల పేర్లతో సరిపెడుతున్నాను.

రాళ్లతో సహా కొన్న పాత ట్యాంకు మాది. ఆక్రోపోరా అనే పగడం కొమ్మలు గోధుమ రంగుకు తిరిగాయి, మాంటిపోరా అనే మరో పగడం అంచు పెరగడం మానేసింది, రాళ్ల నిండా జుట్టులా పచ్చని నాచు. నీటిలో నాచుకు ఎరువులా పనిచేసే ఫాస్ఫేట్ ఎక్కువైందేమోనని అనుమానం. దాన్ని కొలవడానికి రంగు చూసి పోల్చుకునే కిట్టులో లేత నీలానికీ మరింత లేత నీలానికీ తేడా చెప్పడం నా కళ్ల వల్ల కాలేదు.

అన్నయ్య తన ఫాస్ఫరస్ మీటరు తెచ్చారు. గాజు సీసా మీద వేలిముద్ర కూడా లేకుండా తుడిచి, పరీక్ష పొడి పొట్లం మూలల్లో ఇరుక్కున్నదాన్ని సైతం సీసాలోని నీళ్లలోకి తట్టి దులిపి, రెండు నిమిషాలు మెల్లగా ఊపి, మూడు నిమిషాలు ఆగి చూపించారు: 62. అది ఫాస్ఫరస్ లెక్క, పీపీబీలో, అంటే వంద కోట్లలో ఎన్ని భాగాలో. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ 0.19 పీపీఎం (పది లక్షలలో భాగాలు). మాలాంటి ట్యాంకుల్లో చాలామంది 0.03 నుంచి 0.1 మధ్య ఉంచుకుంటారు.

నీళ్లు మార్చితే తగ్గేది, కొద్ది రోజులకే మళ్లీ పెరిగేది. కారణం చెప్పింది అక్క. ఈ రాళ్లు కాల్షియం కార్బొనేట్. ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు పట్టుకుంటాయి, నీటిలో తగ్గగానే వదులుతాయి. ఊరగాయ జాడీ ఎన్నిసార్లు కడిగినా వాసన వదలదు చూడండి, అలాగ. “నీళ్లతో కాదమ్మా, రాళ్లతో నీ బేరం. నిదానంగా కానీ” అన్నారు.

ఇక అక్వేరియం దుకాణం పెద్దాయన. ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ రేణువులు పెద్ద డబ్బా కొనబోతే చిన్నది చేతిలో పెట్టి, డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టమన్నారు. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు తెల్లబడి చర్మం ఊడిపోవచ్చట. సున్నాకు దించితే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు బుడగల జిగురులా పరుచుకోవచ్చు, అది నాచును మించిన తలనొప్పి. ఫాస్ఫేట్‌ను తగ్గించే మరో మందు లాంథనమ్ క్లోరైడ్ అడిగితే, ట్యాంకులో పసుపు టాంగ్ చేప ఉందని తెలిసి, దానికి హాని కావచ్చని అమ్మనే లేదు. వచ్చిన బేరాన్ని వద్దనుకునే దుకాణదారు ఎంతమందికి దొరుకుతాడు!

ఇప్పుడు ఫాస్ఫేట్ 0.07 దగ్గర నిలకడగా ఉంది. మాంటిపోరా అంచున కొత్త తెల్లని గీత కనిపిస్తోంది, అంటే మళ్లీ పెరుగుతోందన్నమాట. ఫొటోలు చూసి హైదరాబాదులో మా తమ్ముడు తనకూ కావాలన్నాడు. ఇండియాలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఆ ఆశ వదులుకోమన్నాను.

అన్నయ్యా, మీటరు ఈ శనివారం తెచ్చి ఇస్తాను, నేను వాడేసిన పొట్లాలకు బదులు కొత్త పెట్టెతో సహా. అక్కా, మాంటిపోరా ఇంకొంచెం పెరగగానే మొదటి ముక్క మీదే.